కాల్సెడొనీ రాళ్లు: అగేట్, ఓనిక్స్, కార్నీలియన్, క్రైసోప్రేజ్‌లను వేరుచేసి గుర్తించడం ఎలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం దగ్గరి పల్లె. అమ్మ పెట్టె సర్దుతుండగా కొన్ని రాళ్లు బయటపడ్డాయి. నేను కొన్నవీ, పిల్లలు ఏరినవీ కలిపితే మొత్తం ఐదు రకాలు తేలాయి. మొదటిది నారింజకూ ఎరుపుకూ మధ్య రంగులో ఉన్న 11 పూసల దండ. అమ్మ వీటిని అకీకు పూసలు అనేది. రెండవది మధ్యలో తెల్లని చార ఉన్న నల్లరాయి. హైదరాబాదు పత్తర్‌గట్టీలో కొన్నప్పుడు దుకాణదారు దీనిని సులేమాని అన్నాడు. మూడవది ముదురాకుపచ్చ రాయి. బుధుడికి మరకతం కొనే స్తోమత లేనివారు దీనిని పెట్టుకోవచ్చని ఒక జ్యోతిష్కుడు చెప్పగా కొన్నాము, రసీదులో ‘గ్రీన్ ఓనిక్స్’ అని రాసి ఉంది. నాలుగవది లేతాకుపచ్చ చారల గిన్నె. దీని అడుగున అంటించిన చీటీ మీద కూడా ‘ఓనిక్స్’ అనే ఉంది. ఐదవది ఇల్లు కట్టేటప్పుడు తోలించిన గోదావరి ఇసుకలో మా పిల్లలు ఏరి దాచిన గులకరాళ్లు.

ఇవన్నీ కాల్సెడొనీ అనే ఒక్క పదార్థమేనని ఒకరు, కాదని మరొకరు చెబుతున్నారు. ఒక్కటే అయితే ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? ఓనిక్స్ అనే ఒకే పేరుతో అమ్మిన నా పచ్చరాయి, గిన్నె ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేకుండా ఎందుకున్నాయి? ఇంట్లో దొరికే వస్తువులతో వీటిని ఎంతవరకు పరీక్షించుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

పలుగురాయి:

గోదారిగట్టు గారూ, నేను భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక మూలం దగ్గర మొదలుపెడతాను. పొలం గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయిని మీరు చూసే ఉంటారు. అది క్వార్ట్జ్, అంటే సిలికాన్ డయాక్సైడ్. కాల్సెడొనీ కూడా రసాయనికంగా అదే. తేడా అల్లికలో ఉంది. పలుగురాయిలో స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవి. కాల్సెడొనీలో అవి సూక్ష్మదర్శినికి కూడా సరిగా అందనంత సన్నని నారలుగా పెరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. వాటి మధ్య మొగానైట్ అనే మరొక సిలికా ఖనిజం కూడా కొద్దిగా ఉంటుంది. ఈ నారల అల్లిక వల్లనే రాయి సులభంగా పగలదు, పగిలిన చోట గాజులా తళతళలాడక మైనపు మెరుపుతో కనిపిస్తుంది. నారల నడుమ సన్నని ఖాళీలు కూడా ఉంటాయి. రంగులు అద్దేవారికి ఆ ఖాళీలే ఆధారం.

గట్టిదనం మోస్ కొలమానంలో 6.5 నుంచి 7, సాంద్రత సుమారు 2.58 నుంచి 2.64, వక్రీభవన గుణకం 1.53, 1.54 దరిదాపుల్లో ఉంటాయి. అగేట్‌కూ కార్నీలియన్‌కూ క్రైసోప్రేజ్‌కూ ఈ అంకెలు దాదాపు ఒక్కటే కనుక ‘ఇది కాల్సెడొనీయా, మరొకటా’ అని అంకెలు చెబుతాయే తప్ప ‘ఏ రకం కాల్సెడొనీ’ అన్నది చెప్పలేవు. రకాన్ని కంటితోనే నిర్ణయించాలి.

కంటికి కనిపించేవాటిలో మొదటిది చార. చారలు వంపులు తిరిగి, గోడ వెంట పొరలు పేరినట్టు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటే అగేట్. అవే చారలు తిన్నగా, సమాంతరంగా ఉంటే ఓనిక్స్. ఓనిక్స్ తెల్ల పొరల మధ్య గోధుమ ఎరుపు పొరలు ఉంటే సార్డోనిక్స్. పైపొరలో బొమ్మ చెక్కి కిందిపొరను నేపథ్యంగా వదిలే కేమియో పనికి పూర్వపు రోమన్లు ఎక్కువగా వాడింది దీనినే. చారలు లేకుండా ఇనుము వల్ల నారింజ ఎరుపు తేలితే కార్నీలియన్, అదే గోధుమ రంగులోకి దిగితే సార్డ్. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఎవరూ తేల్చలేదు, తేల్చవలసిన అవసరం కూడా నాకు కనిపించదు. నికెల్ వల్ల లేత ఆపిల్ పచ్చ రంగు వస్తే క్రైసోప్రేజ్. ముదురు పచ్చ నేల మీద ఎర్రని చుక్కలుంటే హీలియోట్రోప్, అంటే బ్లడ్‌స్టోన్. నాచు, చెట్టుకొమ్మల వంటి చేరికలుంటే మాస్ అగేట్. చారలు లేకపోయినా దానిని అగేట్ అనే పిలుస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా దగ్గర కేన్ నదిలో దొరికే ‘షజర్’ రాయి ఈ కోవలోదే. ఆ చెట్ల బొమ్మలు శిలాజాలు కావు. మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు పగుళ్ల వెంట కొమ్మలుగా విస్తరించగా ఏర్పడినవి.

చెకుముకి:

మాస్టారూ, జాస్పర్‌ను వదిలేశారు. అది ఈ కుటుంబంలోది కాదా?

పలుగురాయి:

వదిలేయలేదు, తటపటాయించాను. జాస్పర్‌లో సిలికా నారలుగా కాక రేణువులుగా ఉంటుంది. పైగా ఇనుప ఆక్సైడ్లు, బంకమన్ను వంటి మలినాలు చాలా కలిసి ఉంటాయి కనుక వెలుతురు లోనికి చొరబడదు. కొందరు దానిని కాల్సెడొనీలో చేర్చుతారు, కొందరు పక్కన పెడతారు. నేను పక్కన పెట్టే పక్షం. మీరు పేరుగా పెట్టుకున్న చెకుముకి రాయి కూడా రేణువుల అల్లిక ఉన్న సిలికాయే. పలచని అంచును దీపానికి ఎదురుగా పట్టి చూడండి: వెలుతురు లోపలికి దిగితే కాల్సెడొనీ, అంచు దగ్గర కూడా దిగకపోతే జాస్పర్ అనుకోవచ్చు.

సానచక్రం:

నేను హైదరాబాదులో రాళ్లు సానపట్టే పని చేస్తున్నాను. మాస్టారు చెప్పింది పుస్తకం మాట. బజారు మాట వేరు, అది తెలియకపోతే రసీదు అర్థం కాదు. చారలు తిన్నగా ఉంటేనే ఓనిక్స్ అని ఆయన అన్నారు కదా. బజారులో మాత్రం చారే లేని నల్లరాయి ‘బ్లాక్ ఓనిక్స్’, చారే లేని పచ్చరాయి ‘గ్రీన్ ఓనిక్స్’. రెండూ రంగు ఎక్కించిన కాల్సెడొనీయే. నా చేతికి వచ్చే గ్రీన్ ఓనిక్స్ అంతా జైపూర్ వైపు నుంచి రంగు ఎక్కించుకునే వస్తుంది. పుట్టుకతో ఆ రంగు ఉన్న ‘గ్రీన్ ఓనిక్స్’ను నేను ఒక్కసారి కూడా సానపట్టలేదు. నల్లరాయి సంగతీ ఇంచుమించు అంతే. సులేమాని అంటే మా దగ్గర నలుపు తెలుపు చారల అగేట్. అకీకు, హకీక్ అంటే ఏ రంగు అగేట్ అయినా, కార్నీలియన్ అయినా సరే. యెమనీ అకీకు అంటూ ఎర్రరాయిని ఎక్కువ ధర చెప్పి అమ్ముతుంటారు. అది యెమెన్‌లో పుట్టిందో గుజరాత్‌లోని ఖంభాత్‌లో పుట్టిందో కంటితో చూసి చెప్పగలనని అనేవాణ్ణి నేను నమ్మను.

గిన్నె విషయం మాత్రం పూర్తిగా వేరు. అంత పెద్ద గిన్నె అసలైన ఓనిక్స్‌లో తొలిచినదైతే మీరు దానిని పెట్టెలో కాదు, బ్యాంకు లాకరులో పెట్టుకునేవారు. దాని సంగతి రసాయనం తెలిసినవారు చెబితే బాగుంటుంది.

అగేట్_కల్వం:

ఆ పిలుపు నాకే అనుకుంటాను. నా పేరు ప్రయోగశాలలో మేము మందులు నూరే కల్వం నుంచి వచ్చింది; అగేట్ గట్టిది, రసాయనాలకు లొంగనిది కనుక నూరేటప్పుడు పదార్థంలో కలవదు. పాత తరం సున్నితపు త్రాసుల కాడ ఆనే కత్తి అంచు కూడా అగేట్‌తోనే చేసేవారు.

గిన్నె: ‘ఓనిక్స్ మార్బుల్’ పేరుతో పాకిస్తాన్, మెక్సికోల నుంచి వచ్చే చారల రాయి సిలికానే కాదు, అది కాల్సియం కార్బొనేట్. గట్టిదనం 3 మాత్రమే. గిన్నె అడుగున, ఎవరికీ కనిపించని చోట కత్తిమొనతో కాస్త గీకి, రాలిన పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. నురుగు వస్తే కార్బొనేట్. కాల్సెడొనీ మీద కత్తి గీత పడదు, ఆమ్లానికి నురుగూ రాదు.

ఇక రంగులు. నల్ల ఓనిక్స్ చేసే పద్ధతి వింటే వంటింటి పనిలాగే ఉంటుంది: రాయిని చిక్కని చక్కెర నీటిలో రోజుల తరబడి నానబెట్టి, తరువాత గాఢ సల్ఫ్యూరికామ్లంలో వేస్తారు. ఆమ్లం చక్కెరలోని నీటిని లాగేయగా మిగిలిన బొగ్గు నారల మధ్య ఖాళీల్లో నిలిచిపోతుంది. తెల్లపొరల అల్లిక దట్టమైనది కనుక ద్రవం అక్కడ దిగదు, అవి తెల్లగానే ఉంటాయి. పచ్చదనానికి క్రోమియం లవణాలలో నానబెట్టి వేడిచేస్తారు. ఎరుపుకు ఇనుప లవణాలు. నీలానికి ఇనుప లవణం, పొటాషియం ఫెర్రోసయనైడ్ లోపలే కలిసి ప్రష్యన్ బ్లూగా మారేట్టు చేస్తారు. 19వ శతాబ్దంలో జర్మనీలోని ఇడార్-ఓబర్‌స్టైన్ పనివారు బ్రెజిల్ అగేట్ తెప్పించుకుని ఈ విద్యను పెద్ద పరిశ్రమగా మార్చారు. ఇవి లోహ లవణాల రంగులు కనుక ఎసిటోన్‌లో ముంచిన దూదితో తుడిచినా ఊడవు. ఊడేవి గులాబీ, ఊదా వంటి సేంద్రియ రంగులు మాత్రమే. ఎండలో వెలిసేవి కూడా ఎక్కువగా అవే. కనుక ‘ఎసిటోన్‌తో తుడిచాను, రంగు రాలేదు, అసలుదే’ అనే మాటకు విలువ లేదు.

గోదారిగట్టు:

చాలా సంతోషం. అయితే నా పచ్చరాయి, నల్లరాయి నకిలీలనే అర్థమా? రసీదులో ఎక్కడా రంగు వేసినట్టు లేదు. అమ్మ పూసల సంగతి వినడానికి కొంచెం భయంగానే ఉంది.

సానచక్రం:

రంగు ఎక్కించినంత మాత్రాన నకిలీ అనకూడదు. నకిలీ అంటే గాజును కాల్సెడొనీ అని అమ్మడం.

చెకుముకి:

సానచక్రం గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. రంగు అద్దిన కాల్సెడొనీని ఆ మాట చెప్పి అమ్మితే తప్పులేదు. చెప్పకుండా జాతిరాయి అని అమ్మితే, గాజు కాకపోయినా, కొన్నవాడు మోసపోయినట్టే కదా.

పాతపూసలు:

ఈ తగువులో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి: ఇది ఏ పదార్థం, దీనికి ఏ పేరు తగును, ఈ రంగు ఎక్కడిది. మూడింటికీ జవాబులు వేర్వేరుగా వెతకాలి. కార్నీలియన్‌నే చూడండి. గుజరాత్‌లో రతన్‌పూర్ గనుల నుంచి వచ్చే రాయి తవ్వినప్పుడు ఎక్కువగా పసుపు గోధుమ రంగులో ఉంటుంది. దానిని ఎండలో నెలల తరబడి ఎండబెట్టి, కుండలలో బూడిద, రంపపు పొట్టు నడుమ పెట్టి కాల్చుతారు. సుమారు 300 డిగ్రీల వేడికి లోపలి గోథైట్ నీటిని వదిలి హెమటైట్‌గా మారుతుంది, రాయి ఎర్రబడుతుంది. లోపల అప్పటికే ఉన్న ఇనుమే రంగు మారింది తప్ప బయటి నుంచి ఏదీ చేరలేదు. ఖంభాత్ పూసలవారు ఇప్పటికీ అనుసరించే ఈ పద్ధతి హరప్పా కాలం నాటిది. లోథల్‌లో పూసల కార్ఖానా, కాల్చిన కొలిమి బయటపడ్డాయి. పొడవాటి హరప్పా కార్నీలియన్ పూసలు, క్షారంతో తెల్లని గీతలు తీర్చిన పూసలు మెసపొటేమియాలోని ఊర్ రాజసమాధుల దాకా వెళ్లాయి. ఆ గీతలు కూడా మనిషి వేసినవే. అయినా వాటిని నకిలీ అనే సాహసం ఎవరూ చేయరు. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోని శాతవాహనుల నాటి పాటిమట్టిలోనూ కార్నీలియన్, అగేట్ పూసలు దొరికాయి.

కాల్చడం వేరు, లవణం ఎక్కించడం వేరు అని వ్యాపారంలోనూ అంగీకరిస్తారు. మొదటిదానిని కనిపెట్టడం చాలా కష్టం. రెండవదానికి ఒక గుర్తు ఉంది: రంగు పగుళ్ల వెంట, పూస బెజ్జం అంచుల్లో ముదిరి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సహజ కార్నీలియన్‌లో రంగు మబ్బుల్లా అక్కడక్కడ కమ్ముకుని ఉంటుందని, అద్దినదానిలో చారలు బయటపడతాయని అంటారు. ఈ రెండవ మాటను సూచనగా తీసుకోవాలే తప్ప రుజువుగా కాదు.

అగేట్_కల్వం:

గోదారిగట్టు గారూ, ముందు పదార్థం తేల్చుకుందాం. 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు కొనండి. మొదట రాయిని పొడిగా తూచండి. తరువాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, రాయిని సన్నని దారంతో అడుగుకూ అంచులకూ తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేట్టు వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపేది రాయి తొలగించిన నీటి బరువు. పొడి తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నీటిలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే రాయికి గాలి బుడగలు పట్టవు.

గోదారిగట్టు:

త్రాసు వచ్చింది. నల్లరాయి పొడి తూకం 7.83, నీటిలో 3.01, అంటే 2.60. పచ్చరాయి 2.34, నీటిలో 0.90, ఇదీ 2.60. దండ దారం విప్పి పూసలను ఒక్కొక్కటిగా తూచాను. 9 పూసలు 2.58, 2.63 నడుమ వచ్చాయి. ఉదాహరణకు ఒకటి 1.93, నీటిలో 0.74. మిగిలిన రెండు మాత్రం తక్కువగా ఉన్నాయి: ఒకటి 1.86, నీటిలో 0.75, అంటే 2.48, రెండోదీ అంతే. గిన్నె అడుగున గీకి వెనిగర్ వేస్తే బుసబుసమని నురుగు వచ్చింది.

అగేట్_కల్వం:

గిన్నె సంగతి తేలిపోయింది, అది కార్బొనేట్. నల్లరాయి అంకె నమ్మదగినది. పచ్చరాయి చిన్నది కనుక జాగ్రత్త అవసరం: నీటి అంకె 0.01 అటూ ఇటూ తప్పితే సాంద్రత 2.57 నుంచి 2.63 దాకా జరుగుతుంది. ఎలా జరిగినా కాల్సెడొనీ పరిధి చుట్టుపక్కలే ఉంటుంది కానీ, కొన్ని గాజులు కూడా ఆ దాపులకు వస్తాయి. ఆ రెండు పూసల 2.48 మామూలు సోడా గాజుకు దగ్గర. అయితే బెజ్జంలో గాలి చిక్కుకున్నా అంకె తగ్గుతుంది. బెజ్జంలోకి సబ్బునీరు పోసి మళ్లీ తూచి చూడండి.

వెలుతురు పరీక్ష కూడా ఒకటి చేయవచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుతురు ధ్రువణం చెందినదే. తెర నిండా తెలుపు పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని కంటి ముందు తిప్పుతూ తెర నల్లబడే చోట ఆపండి. తెరకూ అద్దానికీ మధ్య పూసను పట్టుకుని తిప్పండి. గాజు నల్లగానే ఉంటుంది, లేదా నీడలు పాకినట్టు కనిపిస్తుంది. కాల్సెడొనీలో లెక్కలేనన్ని నారలు లెక్కలేనన్ని దిక్కులకు తిరిగి ఉంటాయి కనుక ఎటు తిప్పినా వెలుగుతూనే ఉంటుంది.

పలుగురాయి:

చాలా మంచి ఉపాయం. నా ఉద్యోగకాలమంతా దీనికోసం వేల రూపాయల పరికరం వాడాను.

గోదారిగట్టు:

సబ్బునీటితో తూచినా ఆ రెండు పూసల అంకె మారలేదు. తెర ముందు 9 పూసలు నిప్పుకణికల్లా వెలిగాయి. ఆ రెండూ నల్లగా ఉండిపోయాయి. భూతద్దంలో ఒకదానిలో గుండ్రని బుడగ కూడా కనిపించింది. దండ ఎప్పుడో తెగితే, పోయిన పూసల చోట బజారులో దొరికినవి కూర్చి ఉంటారని మా పెద్దక్క అంటోంది. చిన్నప్పుడు పెళ్లింట్లో తెగిన దండ ఇదేనట.

పాతపూసలు:

బెజ్జాలు కూడా చూడండి. రాతి పూసకు రెండు వైపుల నుంచీ తొలుస్తారు కనుక మధ్యలో రెండు రంధ్రాలు కలిసిన చోట చిన్న మెట్టు ఉండవచ్చు. గాజు పూసను కరిగిన గాజును కడ్డీ చుట్టూ చుట్టి చేస్తే బెజ్జం లోపల నునుపుగా ఉంటుంది, కడ్డీకి పూసిన మన్ను పొర కూడా అంటుకుని ఉండవచ్చు.

సానచక్రం:

పచ్చరాయిని మా దుకాణంలో, వెలుతురులో కొన్ని రంగులనే వదిలే చెల్సీ ఫిల్టరుతో చూడవచ్చు. క్రోమియం లవణంతో పచ్చబడిన కాల్సెడొనీ దానిలో ఎర్రబారుతుంది. క్రైసోప్రేజ్ రంగు నికెల్‌ది కనుక పచ్చగానే ఉంటుంది.

పలుగురాయి:

ఒక్క సవరణ. జింబాబ్వేలో దొరికే మ్టోరోలైట్ అనే కాల్సెడొనీలో క్రోమియం సహజంగానే ఉంటుంది, అదీ ఫిల్టరులో ఎర్రబారుతుంది. కనుక ఎర్రబారితే క్రోమియం ఉందని, అది క్రైసోప్రేజ్ కాదని మాత్రమే రుజువవుతుంది. బజారులో చవకగా కొన్న ముదురు పచ్చ రాయికి జింబాబ్వే చిరునామా వెతకనక్కరలేదనుకోండి. క్రైసోప్రేజ్ ఆస్ట్రేలియాలోని మార్ల్‌బరో నుంచి, పూర్వం ఇప్పటి పోలండ్‌లోని ష్క్లారీ నుంచి వచ్చేది. నికెల్ ఉన్న సర్పెంటినైట్ శిలలు శిథిలమైన చోట అది పుడుతుంది. ఎక్కువ వేడికి, ఎండకు దాని పచ్చదనం వెలిసిపోవచ్చు కనుక ఉన్నవారు కిటికీ దగ్గర పెట్టకండి.

చెకుముకి:

పచ్చని అవెంచురిన్‌ను, జేడ్‌ను కూడా దీనితో పొరబడుతుంటారు. అవెంచురిన్‌లో అభ్రకపు రేకులు తళుక్కుమంటాయి. జేడ్ రెండు రకాల్లో నెఫ్రైట్ సాంద్రత 2.95, జేడైట్‌ది 3.3 దగ్గర ఉంటుంది కనుక తూకంతోనే విడిపోతాయి.

గోదారిగట్టు:

ఈ వారం హైదరాబాదు వెళ్లి చూపించాను. ఫిల్టరులో పచ్చరాయి ఇటుక ఎరుపుగా కనిపించింది. ఇక మిగిలింది ఇసుకలోని గులకరాళ్లు. కొన్ని ముదురు ఎరుపు, దీపానికి పట్టినా వెలుతురు దిగడం లేదు. ఒకటి కోడిగుడ్డంత ఉంది; విరిగిన వైపు బూడిద రంగు చారలు, నడిమధ్య చక్కెర పలుకుల్లాంటి స్ఫటికాలు, పైన పచ్చని చెక్కు.

పలుగురాయి:

ఎర్రవి జాస్పర్. కోడిగుడ్డంతది అగేట్, అందులో నాకు సందేహం లేదు, అది మీ దగ్గరున్నవాటన్నింటిలోకీ నాకు నచ్చింది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను లావా చల్లారినప్పుడు వాయువుల బుడగలు గదులుగా మిగిలిపోయాయి. వాటిలోకి సిలికా కలిసిన నీరు ఊరి, గోడ నుంచి లోపలికి పొర తరువాత పొరగా కాల్సెడొనీ పేరింది. చోటు మిగిలిన నడుమ మాత్రం మామూలు క్వార్ట్జ్ స్ఫటికాలు పెరిగాయి. మీ రాయిలో చక్కెర పలుకులు అవే. పైనున్న పచ్చ చెక్కు బహుశా సెలడొనైట్, బుడగ గోడకు మొదట పట్టే ఖనిజం. గోదావరి పుట్టిన త్రయంబకం నుంచీ చాలా దూరం నల్లరాతి నేల మీదే ప్రవహిస్తుంది. ఆ బసాల్ట్ అరిగిపోయినా గట్టి అగేట్ అరగక గులకరాయిగా దొర్లుకుంటూ వస్తుంది. మీ ఊరి దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లోనూ ఆనాటి లావా పొరలున్నాయి కనుక అది అంత దూరం నుంచే వచ్చిందని కూడా అనలేము.

సానచక్రం:

దానిని అడ్డంగా కోయించి ఒక ముఖానికి సాన పట్టిస్తే చారలు పూర్తిగా తేలతాయి. మీరు పంపితే కోసి ఇస్తాను. రంగు మాత్రం వేయను.

గోదారిగట్టు:

పంపుదామనే అనుకున్నాను కానీ పిల్లలు ఒప్పుకోవడం లేదు. నీళ్ల గిన్నెలో వేసి ఉంచితే చారలు బాగానే కనిపిస్తున్నాయి కనుక ప్రస్తుతానికి అలాగే ఉంచాము. దండను మాత్రం మళ్లీ కూర్చాను, 11 పూసలతోనే. గాజువి రెండూ కొక్కెం పక్కకు వచ్చేట్టు పెట్టాను.